చందమామ ఎందుకు పెరిగింది?

హైదరాబాద్‌లో ఓ చిన్న వీఎఫ్‌ఎక్స్ స్టూడియో. జూనియర్ కంపోజిటర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి. బీకాం అయ్యాక 10 నెలల కోర్సు చేసిన కుర్రాడు లోపలికొచ్చాడు. పెన్‌డ్రైవ్ పెట్టి షోరీల్ ప్లే చేశారు. రెండో షాట్ దగ్గర ఆపారు. రాత్రిపూట కోనేరు. దాని వెనక గుడి గోపురం, ఆ వెనక కొండ, పైన పున్నమి చంద్రుడు. కెమెరా మెల్లగా గుడివైపు వెళ్తోంది. చూడ్డానికి బాగానే ఉంది.

‘బాగుంది తమ్ముడూ. ఒక్కటే డౌటు. చందమామ ఎందుకు పెరిగింది?’

‘అర్థం కాలేదన్నా.’

‘కెమెరా గుడి దగ్గరికి పోతోంది. గోపురం పెరగాలి, ఓకే. చంద్రుడు కూడా అంతే పెరిగాడేంటి? నాలుగడుగులు ముందుకేస్తే చంద్రుడి దగ్గరికి చేరిపోతామా?’

కుర్రాడు కాసేపు స్క్రీన్ వైపు చూశాడు. ‘ట్యుటోరియల్‌లో అలాగే చేశారన్నా. స్కేల్ 100 నుంచి 150కి కీఫ్రేమ్ పెట్టమన్నారు.’

ఆ ఉద్యోగం అతనికి రాలేదు. ఈ సంగతి చెప్పిన సీనియర్ మాత్రం ఆ కుర్రాడిని తప్పు పట్టలేదు. ‘పది నెలల్లో వాడికి సాఫ్ట్‌వేర్ మొత్తం చూపించారు. కెమెరా అంటే ఏంటో ఒక్క రోజు కూడా చెప్పలేదు’ అన్నాడాయన. ‘వీఎఫ్‌ఎక్స్ నేర్చుకుందామనుకుంటున్నా, ఏ కోర్సులో చేరాలి?’ అని అడిగే పాఠకులకు ఈ పేజీ ఇవాళ చెప్పదలచుకున్నది కూడా ఆ ఒక్క రోజు గురించే.

విజయనగరం నుంచి పార్వతీపురం వైపు వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చున్నారనుకోండి. పట్టాల పక్కన కరెంటు స్తంభాలు సర్రున వెనక్కి పోతాయి. పొలం గట్టు మీది తాడిచెట్లు కాస్త తీరిగ్గా కదులుతాయి. దూరంగా కొండలు కదిలీ కదలనట్టుంటాయి. చందమామైతే మనతోపాటే వస్తున్నట్టుంటాడు. చిన్నప్పుడు అందరం ‘చందమామ నా వెంటే వస్తున్నాడు’ అని గొడవపడినవాళ్లమే. దీన్నే పారలాక్స్ అంటారు. మనం కదిలితే దగ్గరివి ఎక్కువగా, దూరంవి తక్కువగా జరుగుతాయి. ఎంత తక్కువ జరిగితే అది అంత దూరంలో ఉందని మెదడు లెక్కేసుకుంటుంది. కంపోజిటింగ్‌లో బల్లపరుపు ఫొటోల మధ్య, వీడియోల మధ్య కెమెరా తిరిగిందని నమ్మించాలంటే మెదడు వేసే ఈ లెక్కకు సరైన జవాబు ఇవ్వాలి. అది తప్పితే, చూసేవాడికి కారణం తెలియకపోయినా ‘ఏదో గ్రాఫిక్స్‌లా ఉందే’ అనేస్తాడు.

కంప్యూటర్లు రాకముందే ఈ లెక్క తెలిసినవాళ్లున్నారు. మన తోలుబొమ్మలాటలో బొమ్మ తెరకు ఆనుకుని ఉంటే నీడ స్పష్టంగా ఉంటుంది, దీపంవైపు జరిపితే నీడ పెరిగి అంచులు మసకబారతాయి. దూరాన్ని బట్టి సైజు, ఫోకస్ మారడమన్నమాట. జర్మనీలో లోటే రైనిగర్ కత్తిరించిన నీడబొమ్మల్ని గాజు పలకల పొరల మధ్య పెట్టి 1926లో పూర్తి నిడివి సినిమానే తీశారు. తర్వాత డిస్నీ స్టూడియో మల్టీప్లేన్ కెమెరా కట్టింది. గాజు పలకల మీద వేసిన బొమ్మల్ని ఒకదాని కింద ఒకటి అరల్లా పేర్చి, పైనుంచి కెమెరాతో కిందికి చూస్తూ ఒక్కో పలకనూ ఒక్కో వేగంతో జరిపేవారు. 1937లో వచ్చిన ‘ది ఓల్డ్ మిల్’ అనే పొట్టి చిత్రంలో దాన్ని వాడారు. ఆ చిత్రానికి ఆస్కార్ వచ్చింది.

ఆ కెమెరా ఎందుకు కట్టాల్సి వచ్చిందో వాల్ట్ డిస్నీ 1957లో ఓ టీవీ కార్యక్రమంలో వివరించారు. ఒకే బొమ్మ మీద పొలం, ఇల్లు, చంద్రుడు గీసి కెమెరాను దగ్గరికి తీసుకెళ్తే ఇల్లుతోపాటు చంద్రుడూ పెరిగిపోతాడు. నిజంలో అలా జరగదు కదా, అందుకే పొరలుగా విడదీశాం అన్నారు. హైదరాబాద్ ఇంటర్వ్యూలో మన కుర్రాడిని అడిగిన ప్రశ్న ఇదే. సమాధానం ఎనభై ఏళ్ల కిందటే దొరికింది, సిలబస్‌లోకి మాత్రం ఇంకా రాలేదు.

1957 అంటే మనకు ‘మాయాబజార్’ వచ్చిన ఏడాది కూడా. మార్కస్ బార్ట్‌లీ వెన్నెల గురించి, మినియేచర్‌లో కట్టిన ద్వారక గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం. కెనడాలో అదే ఏడాది ‘సిటీ ఆఫ్ గోల్డ్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. పాత ఫొటోల మీద కెమెరాను నడిపిస్తూ, బంగారం కోసం జనం ఎగబడిన డాసన్ పట్టణం కథ చెప్పారు. తర్వాత అమెరికాలో కెన్ బర్న్స్ ఆ పద్ధతిని తన డాక్యుమెంటరీల్లో అంతలా వాడడంతో యాపిల్ సాఫ్ట్‌వేర్‌లో దానికి ఆయన పేరే పెట్టేశారు. మూడూ ఒకే ఏడాది రావడం యాదృచ్ఛికమే. మూడు చోట్లా పనిచేసినవాళ్లు కెమెరాను, వెలుగును ముందు అర్థం చేసుకుని తర్వాతే ట్రిక్కు చేశారన్నది మాత్రం యాదృచ్ఛికం కాదు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 1993లో వచ్చింది. లేయర్లను 3డీ ప్రదేశంలో నిలబెట్టి మధ్యలో కెమెరా తిప్పే సదుపాయం 2001లో వచ్చిన 5వ వెర్షన్‌తో అందులో చేరింది. న్యూక్ మొదట డిజిటల్ డొమైన్ స్టూడియో తన సొంత అవసరానికి తయారు చేసుకున్నది. ఇప్పుడు పెద్ద సినిమాల కంపోజిటింగ్ ఎక్కువగా దానిలోనే నడుస్తోంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ‘3డీ లేయర్’ అన్నది న్యూక్‌లో ‘కార్డ్’ అవుతుంది. ఫ్యూజన్‌లో పేరు ‘ఇమేజ్ ప్లేన్’. పేరేదైనా గాలిలో నిలబెట్టిన అట్టముక్కే. అట్టముక్కల మధ్య కెమెరా తిరుగుతుంది కాబట్టి దీన్ని 2.5డీ అంటుంటారు. పూర్తి 3డీ కాదు, ఉత్త 2డీ కూడా కాదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. లెక్కలంటే భయపడి కామర్స్ తీసుకున్నవాళ్లు కూడా చేయొచ్చు, ఐదో తరగతి భాగహారం చాలు. 1920×1080 సైజు ఫ్రేమ్‌లో 50 ఎంఎం కెమెరా పెడితే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ దాన్ని లేయర్‌కు సుమారు 2667 పిక్సెళ్ల దూరంలో నిలబెడుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఫిల్మ్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. 50ని 36తో భాగించి 1920తో గుణిస్తే ఈ అంకె వస్తుంది, మాయేం లేదు. ఇప్పుడు కోనేటి గట్టున నిలబడ్డ మనిషి లేయర్‌ను ఉన్నచోటే ఉంచి, గోపురం లేయర్‌ను మరో 2667 పిక్సెళ్లు వెనక్కి నెట్టండి. దూరం రెట్టింపైంది కాబట్టి గోపురం సగానికి చిన్నదై కనిపిస్తుంది. మళ్లీ ముందున్నట్టే కనబడాలంటే స్కేల్ 200 శాతం చేయాలి. దూరం ఎన్ని రెట్లయితే స్కేల్ అన్ని రెట్లు. చాలామంది కొత్తవాళ్లు ఇక్కడ కంటితో అందాజా వేసి లాగుతుంటారు, ఫ్రేమ్ చెడుతుంది. అంకె వేసుకుంటే పది సెకన్ల పని.

ఇప్పుడు కెమెరాను 1333 పిక్సెళ్లు ముందుకు నడపండి. మనిషికి దూరం సగమైంది, అతను రెట్టింపు కనిపిస్తాడు. గోపురానికి దూరం 5333 నుంచి 4000కు తగ్గింది, అది 1.33 రెట్లే పెరుగుతుంది. చంద్రుణ్ని మనిషికంటే వంద రెట్ల దూరంలో, అంటే 2,66,700 దగ్గర పెట్టి ఉంటే? పెరిగేది అర శాతం. కంటికి ఆనదు. అసలు అంత దూరం నెట్టనక్కర్లేదు, ఇలాంటి నేరుగా ముందుకెళ్లే షాట్‌లో చంద్రుణ్ని 3డీ చేయకుండా 2డీ లేయర్‌గానే వదిలేస్తే సరిపోతుంది. మన కుర్రాడు చేసిందేమిటంటే, అన్నీ ఒకే కంప్‌లో పేర్చి మొత్తం కంప్‌ను 150 శాతానికి పెంచాడు. అప్పుడు మనిషి, గోపురం, చంద్రుడు అందరూ ఒకటిన్నర రెట్లే. అది కెమెరా ముందుకు వెళ్లడం కాదు, జూమ్. జూమ్ తప్పని కాదు, దర్శకుడు జూమ్ అడిగితే అదే ఇవ్వాలి. కానీ ట్రాక్ షాట్ అడిగితే జూమ్ ఇచ్చి ‘అదే కదా సార్’ అంటే కుదరదు. రెండింటికీ తేడా ఫోన్‌తో తేల్చుకోవచ్చు. వీధిలో నిలబడి రెండు వేళ్లతో జూమ్ చేసి ఒకటి, జూమ్ ముట్టుకోకుండా పది అడుగులు నడిచి ఒకటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ లెక్కలోనే ఇంకో సంగతి దాగుంది. మనిషి రెట్టింపు కనిపిస్తాడన్నాం కదా, ఆ లేయర్ ఫుల్‌ఫ్రేమ్ 1920 పిక్సెళ్ల వెడల్పే ఉంటే షాట్ చివర్లో మొహం పగిలిపోతుంది. ముందుండే లేయర్‌కు 3840 కావాలి. గోపురానికి 1.33 రెట్లు, అంటే 2560 చాలు. ఏ లేయర్‌కు ఎంత పెద్ద ఫొటో కావాలో షూటింగ్‌కు ముందే చెప్పగలిగినవాడికి ఏ స్టూడియోలోనైనా విలువ ఉంటుంది. అందరూ అన్నిటికీ 8కే అడిగి హార్డ్‌డిస్కులు నింపేస్తుంటారు, లేదా అవసరమైన ఒక్కదానికీ వాట్సాప్‌లో వచ్చిన ఫొటో వాడతారు.

ఫొటోలైతే ఇంతవరకు ఫర్వాలేదు. లేయర్లే వీడియోలైతే పని పెరుగుతుంది. ఒక ముక్క గ్రీన్ మ్యాట్ ముందు తీసిన నటుడు, ఇంకో ముక్క చార్మినార్ దగ్గర తీసిన జనం, మూడోది డ్రోన్ మీంచి వచ్చిన ఆకాశం. ఒక్కోదానిలో ఇప్పటికే దాని కెమెరా కదలిక ఉంటుంది. ముందు దాన్ని ట్రాక్ చేసి నిలకడగా నిలబెట్టాలి, ఆ తర్వాతే మన కెమెరా తిప్పాలి. ఒకటి సెకనుకు 24 ఫ్రేములు, ఇంకోటి ఫోన్‌లో తీసిన 30 అయితే కదలిక తడబడుతుంది. పైగా ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేటును నిలకడగా ఉంచవు, వెలుతురు తగ్గితే తగ్గించేస్తాయి. కంపోజిటింగ్‌లోకి తేకముందే ఒకే రేటుకు మార్చుకోకపోతే సగం పని అయ్యాక మొదటికొస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా దొరికిపోయేది హొరైజన్ దగ్గర. కెమెరా ఎంత ఎత్తులో ఉంటే హొరైజన్ గీత అంత ఎత్తులో వస్తువుల్ని కోస్తుంది. మన కంటి ఎత్తులో కెమెరా పెట్టి బల్లపరుపు నేల మీద జనాన్ని తీస్తే, దగ్గరివాడైనా దూరంవాడైనా ఇంచుమించు మనంత పొడుగున్నవాళ్ల తలలన్నీ ఆ గీత మీదే ఉంటాయి. నటుణ్ని ఛాతీ ఎత్తు నుంచి తీసి, వెనక వీధిని మూడో అంతస్తు బాల్కనీ నుంచి తీస్తే ఏ సాఫ్ట్‌వేరూ అతని కాళ్లను నేల మీద నిలబెట్టలేదు. తేలుతూనే ఉంటాడు. మన సీరియళ్లలో, పాటల్లో దేవుళ్లు, దెయ్యాలే కాదు మామూలు మనుషులూ గాల్లో తేలడానికి చాలాసార్లు ఇదే కారణం. దీనికి మందు ఎడిటింగ్ టేబుల్ మీద లేదు. షూటింగ్ రోజు నోట్‌బుక్‌లో లెన్సు ఎంత, కెమెరా ఎత్తెంత, మనిషికి దూరమెంత అని మూడు అంకెలు రాసుకోవడంలో ఉంది. ఆ నోట్‌బుక్ పట్టుకుని ఎండలో నిలబడే కుర్రాడి పని ఎవరికీ గొప్పగా అనిపించదు. కానీ పెద్ద సినిమాల్లో దానికంటూ ఓ మనిషిని పెట్టుకుంటారు.

తర్వాత అంచులు, ఖాళీలు. మనిషిని కోసి ముందుకు తెచ్చాక కెమెరా పక్కకు జరిగితే, అతని వెనక ఇప్పటిదాకా దాక్కున్న గోడ బయటపడాలి. ఫొటోలో ఆ గోడ లేదు. గీయాలి, లేదా అదే చోట మనిషి లేకుండా ఇంకో ప్లేట్ తీసి పెట్టుకోవాలి. అట్టముక్కల చుట్టూ కెమెరాను మరీ తిప్పితే అవి అట్టముక్కలేనని తెలిసిపోతుంది కాబట్టి కదలిక కొద్దిగానే ఉండాలి. కొత్తవాళ్లకు ఈ ‘కొద్దిగా’ అన్నదే మింగుడుపడదు. కెమెరా దొరికింది కదాని గిరగిరా తిప్పేస్తారు. మోషన్ బ్లర్ ఆన్ చేయరు. సెకనుకు 24 ఫ్రేములతో తీసే సినిమా కెమెరాలో మామూలుగా ఒక్కో ఫ్రేమ్ 48వ వంతు సెకను వెలుగు చూస్తుంది, ఆ మాత్రం మసక లేకపోతే కదలిక ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఇక కెమెరా చేత్తో పట్టుకున్నట్టు ఉండాలంటే ‘విగ్గిల్’ అని రాసి వదిలేయడం. చెయ్యి అలా వణకదు. ఊపిరికి మెల్లగా తేలుతుంది, అడుగు పడ్డప్పుడు కిందికి జారుతుంది. ఫోన్ పట్టుకుని గోడకేసి ఓ పది సెకన్లు తీసి, ఆ వణుకును ట్రాక్ చేసి మీ కెమెరాకు అతికించండి. పైసా ఖర్చు లేదు. నిజం వణుకు నిజంగానే ఉంటుంది.

ఒక మాట మరిచిపోకూడదు. ప్రతి షాట్‌కూ 3డీ కెమెరా అక్కర్లేదు. ట్రైపాడ్ మీద కెమెరా ఉన్నచోటే పక్కకు తిరిగితే పారలాక్స్ దాదాపు ఉండదు. వెనక కనిపించే కొండో ఆకాశమో మార్చాలంటే 2డీ ట్రాక్ చాలు. అలాంటి షాట్‌కు మూడు రోజులు 3డీ సాల్వ్ చేస్తూ కూర్చుంటే, అది సాల్వ్ కాదు, అవదు కూడా. ఎందుకంటే దూరం లెక్కేయడానికి కావలసిన పారలాక్సే అందులో లేదు. ‘అన్నా ఎర్రర్ వస్తోంది’ అని రాత్రి పన్నెండుకు ఫోన్ చేసే ట్రైనీల కథల్లో చాలావాటి వెనక ఉండేది ఇదే.

ఇదంతా ఉద్యోగాల పేజీలో ఎందుకు అంటారా? అసలు సంగతి అక్కడే ఉంది.

తెలుగు సినిమా గ్రాఫిక్స్‌కు గుర్తింపు తక్కువేం కాదు. 2012లో ‘ఈగ’, 2015లో ‘బాహుబలి’, 2022లో ‘ఆర్ఆర్ఆర్’ మూడూ స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డులు తెచ్చుకున్నాయి. కేంద్రం కూడా 2022 బడ్జెట్‌లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ రంగానికి టాస్క్‌ఫోర్స్ ప్రకటించింది. ఇవి చూసి ఎన్నో ఇళ్లలో బిడ్డల కోసం అప్పు చేసి ఫీజులు కడుతున్నారు. కానీ కోర్సు అయ్యాక ఎక్కువమందికి మొదట దొరికే పని రోటో. అంటే ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ మనిషి అంచుల వెంట గీత గీసి కోయడం. విదేశీ సినిమాల రోటో, పెయింట్ పని పెద్ద ఎత్తున మన దేశానికి రావడం వల్ల వేలమందికి ఇల్లు గడిచింది, కాదనలేం. ఇప్పుడు ఏఐ ముందుగా చెయ్యి వేస్తున్నది ఆ పని మీదే. మనిషిని వెనకున్న దృశ్యం నుంచి విడదీయడం, ఖాళీ అయిన చోటు నింపడం, ఒక్క ఫొటో నుంచి ఏది దగ్గర ఏది దూరం అని అంచనా వేయడం.. నిన్నటిదాకా రెండు రోజులు పట్టే పనులు ఇప్పుడు చాలా షాట్లలో నిమిషాల్లో తేలుతున్నాయి. జుట్టు, పొగ, నీళ్లు లాంటివి ఇంకా మనిషినే అడుగుతున్నాయి గానీ, ఆ ధీమాతో మూడు లక్షల అప్పు చేయమని ఈ పేజీ ఎవరికీ సలహా ఇవ్వదు.

అయితే భయపెట్టి వదిలేయడం కూడా మా ఉద్దేశం కాదు. కోసిన ముక్కల్ని ఎంత దూరాన నిలబెట్టాలి, కెమెరా ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, అసలు కదలాలా వద్దా అన్నవి సినిమా చూసే మనిషిని దృష్టిలో పెట్టుకుని తీసుకునే నిర్ణయాలు. టూల్ జవాబు ఇస్తుంది, అది తప్పో ఒప్పో పట్టుకునే కన్ను మనకుండాలి. చందమామ పెరిగితే పట్టుకునే కన్ను. మాకు తెలిసిన ఒక సూపర్‌వైజర్ అయితే కొత్తవాళ్లకు మొదటి వారం కంప్యూటరే ఇవ్వరు. ఫోన్‌తో ఐదు కదలికలు తీసుకురమ్మంటారు. ఏది దగ్గర, ఏది దూరం, ఎంత జరిగింది అని కాగితం మీద రాయిస్తారు.

పైగా ఈ విద్యకు సినిమా ఒక్కటే గిరాకీ కాదు. పాత ఫొటోల్లోంచి ఊరి చరిత్ర చెప్పే యూట్యూబ్ చానళ్లున్నాయి. ఎన్నికలొస్తే ప్రచార వీడియోలు, టీవీ న్యూస్ ప్యాకేజీలు ఉంటాయి. రియల్ ఎస్టేట్ వాళ్లకూ ఇది కావాలి. మండల కేంద్రాల్లోని వీడియో మిక్సింగ్ షాపుల సంగతి చెప్పనక్కర్లేదు. పెళ్లి వీడియోల్లో గులాబీ రేకులు రాలే రెడీమేడ్ టెంప్లేట్లు ఊరంతా ఒకటే. తాతగారి పెళ్లినాటి బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో పందిరి స్తంభాలను ఒక పొర, పీటల మీది దంపతులను ఒక పొర, వెనక నిలబడ్డ బంధువులను ఒక పొర చేసి కెమెరాను రెండంగుళాలు పక్కకు జరిపి చూపించండి. ఆ ఇంట్లో పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ వేయించుకుని చూస్తారు. ఆ ఎనిమిది సెకన్లకు విడిగా డబ్బు ఇచ్చేవాళ్లున్నారు.

నేర్చుకోవడానికి లక్షలు కావాలా? కంపోజిటింగ్ సాధనాల వరకైతే అక్కర్లేదు. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే ఫ్యూజన్ ఉంది. బ్లెండర్ పూర్తిగా ఉచితం. న్యూక్‌కు కూడా నేర్చుకునేవాళ్ల కోసం డబ్బు తీసుకోని వెర్షన్ ఉంది, అది వాడి వ్యాపారం చేయకూడదు, అంతే. కంప్యూటర్ మాత్రం కాస్త గట్టిది ఉండాలి, ఆ ఖర్చు తప్పదు. ఇన్‌స్టిట్యూట్‌లో చేరడం తప్పని మేం అనం. పక్కన తప్పు పట్టేవాడుంటే ఏడాది పని నాలుగు నెలల్లో అవుతుంది. కాకపోతే ఫీజు కట్టేముందు అడగాల్సింది ‘ఎన్ని సాఫ్ట్‌వేర్లు నేర్పుతారు, ప్లేస్‌మెంట్ నూరు శాతమా?’ అని కాదు. పోయిన బ్యాచ్ వాళ్ల షోరీళ్లు చూపించమనండి. పది రీళ్లలో ఒకే డ్రాగన్, ఒకే పేలుడు, ఒకే స్పేస్‌షిప్ కనిపిస్తే అది ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన ఫైలు, వాళ్లు చేసిన పని కాదు. కోర్సులో కెమెరా చేతికిస్తారా, సొంత షూట్ ఎన్ని రోజులు, పాఠం చెప్పేవాళ్లు సినిమాలో ఎన్ని షాట్లు చేశారు అని అడగండి. మొహమాటపడొద్దు. బంగారం కొన్నప్పుడు హాల్‌మార్క్ అడగమా?

స్టూడియోలకూ ఒక మాట చెప్పాలి. ట్రైనింగ్ పేరుతో నెలల తరబడి జీతం లేకుండా షాట్లు చేయించుకోవడం, బాండ్ రాయించుకోవడం కొన్నిచోట్ల మామూలైపోయింది. షాట్ సినిమాలోకి వెళ్లిందంటే అది పని. పనికి జీతం ఇవ్వాలి, టైటిల్స్‌లో పేరు వేయాలి. పెద్ద పేరున్నంత మాత్రాన సంస్థలు శాశ్వతం కాదని కూడా ఈ రంగం చూసింది. హైదరాబాద్‌లోనూ శాఖ నడిపిన రిథమ్ అండ్ హ్యూస్, ‘లైఫ్ ఆఫ్ పై’కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చిన 2013 ఫిబ్రవరిలోనే అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. అప్పుడు రోడ్డున పడ్డవాళ్లలో త్వరగా తేరుకున్నది ఎవరని అడిగితే, ఒక్క బటన్ కాకుండా మొత్తం షాట్ తెలిసినవాళ్లు అని ఆ రోజులు చూసిన సీనియర్లు చెబుతారు.

మొదట్లో చెప్పిన కుర్రాడి సంగతి. ఏడెనిమిది నెలల తర్వాత అతను అదే స్టూడియోకు మళ్లీ వెళ్లాడు. ఈసారి రీల్‌లో డ్రాగన్లు లేవు. మొత్తం కలిపి నలభై సెకన్లు, నాలుగే షాట్లు. చివరిది వాళ్ల నాయనమ్మ ఫొటో. చేదబావి దగ్గర నిలబడి ఉంది. కెమెరా మెల్లగా పక్కకు జరుగుతుంటే ఆమె భుజం వెనక నుంచి ఒక మట్టిగోడ, దానికానుకుని ఓ చింతచెట్టు మొదలు బయటపడ్డాయి.

‘ఈ గోడ ఫొటోలో లేదు కదా తమ్ముడూ. ఎక్కడిది?’

‘లేదన్నా. నాయనమ్మ వెనక దాక్కుంది. ఊరికెళ్లి చూసొచ్చా. గోడ సగం కూలిపోయింది, చెట్టు మాత్రం ఉంది. ఫొటో తీసిన చోటే నిలబడి, అదే ఎత్తులో తీసుకున్నా.’

‘ఎత్తు ఎలా తెలిసింది?’

‘బావి గట్టు గీత చూసి లెక్కేశానన్నా. తాతయ్య కూర్చుని తీసినట్టున్నారు.’

ట్రైనీగా తీసుకున్నారు. మొదటి నెల నుంచే జీతం ఇస్తున్నారట.